ఎవరి జాన వారిది

డాల్బీ, 9 జనవరి 1959

ఈలిష్‌కి,

ఇక్కడ నేనూ, మీ బావా, ఆలిన్ బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావనే అనుకుంటాను. మర్యాదలు అయ్యాయి కదా, ఇక విషయానికొస్తాను.

నీ పార్సిలు అందింది. పన్నెండు చదరాలూ ఉన్నాయి. లెక్క సరిపోయింది, కొలతే సరిపోలేదు. నా పన్నెండూ మంచం మీద పరిచి వాటి పక్కన నీవి పెట్టి చూశాను. ఒక్కోటీ నా దానికన్నా వేలెడు పెద్దది. అంచు అంచుకు ఆనదు, మూల మూలకు చేరదు. ఇంకోరకం బొంతయితే పైబట్టంతా ముందు కలిపేసి, తర్వాత ఒకేసారి అస్తరు వేసి కుట్టుకుంటారు. అటూ ఇటూ సర్దుకునే వీలుంటుంది. మన పద్ధతి అది కాదాయె. ఏ చదరానికి ఆ చదరం అస్తరుతో సహా అప్పటికప్పుడే పూర్తయిపోతుంది. చివర మిగిలేది అంచులు కలపడం ఒక్కటే. ఆ అంచులే కలవకపోతే ఇక బొంత ఎక్కడిది?

ఆ దర్జీ దుకాణంలో ఇన్నేళ్లు మెడలో టేపు వేసుకు తిరిగి అమ్మ నేర్పింది మర్చిపోయావా? అస్తరు జానెడు. నడిమి ఎర్రముక్క నడివేలంత. దాని చుట్టూ పట్టీలు బొటనవేలంత. పట్టీ మీద పట్టీ ఇంటికప్పు పలకల్లా మడత పడుతూ పోవాలి. పెళ్ళి బొంతకు కత్తెర తగలకూడదు, బట్టను చేత్తోనే చింపాలి. మన ఇంట్లో ఐదేళ్ళ పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది. నువ్వు టేపు పెట్టి కొలిచావో, బొంతలో నా వాటా కంటే నీ వాటా పెద్దగా కనపడాలని కావాలనే చేశావో నాకు తెలీదు.

పెళ్ళి ఏప్రిల్ నాలుగున. పెళ్ళికొడుకు ఫిన్లో వాళ్ళమ్మ ఇప్పటికి రెండుసార్లు అడిగింది, బొంత ఎంతవరకు వచ్చిందని. తల్లివి పన్నెండు, పిన్నివి పన్నెండు అయ్యాకే పెళ్ళికూతురు తన ఆరూ మొదలుపెట్టాలి కనుక ఆలిన్ చేతులు కట్టుకుని కూర్చుంది. నీవి తిప్పి పంపిస్తాను. మళ్ళీ కుట్టు. ఈసారి వేలెడు తగ్గించు.

ఇంకో మాట. ఇరవై రెండేళ్ళ కింద అమ్మ చేతిలో చెయ్యేసి ఇచ్చిన మాట గుర్తుపెట్టుకో. ఈ పెళ్ళిలో తల్లిని నేను, పిన్నివి నువ్వు. చదివాక ఈ ఉత్తరం పొయ్యిలో వెయ్యి.

మీ అక్క
బ్రీషా


బర్కెన్‌హెడ్, 14 జనవరి

అక్కా,

పొయ్యిలో వేశాను. నువ్వు రాసిన మాటలకు వేరే నిప్పు కూడా అక్కర్లేకపోయింది.

టేపు పెట్టలేదు. నా జాన, నా నడివేలు, నా బొటనవేలు పెట్టే కొలిచాను. ఆదివారం సూది ముట్టలేదు. కత్తెర తగలనివ్వలేదు. అమ్మ చెప్పింది చెప్పినట్టు చేశాను. నాది నాన్న చెయ్యి, పొడుగు. నీది అమ్మ చెయ్యి, పొట్టి. నాకు పన్నెండేళ్ళప్పుడే నీ గ్లౌజులు నాకు పట్టలేదు, "దీనివి చేతులా పడవ తెడ్లా" అని ఇల్లంతా వినపడేలా అన్నావు. మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. ఎవరి జాన వారిది అక్కా. వేలెడు తగ్గించమంటున్నావు కదా, ఏ వేలో కూడా చెప్పు, కోసి పార్సిలులో పంపిస్తాను.

మధ్యాహ్నం తిండి వేళ దుకాణంలో కూర్చుని పట్టీలు చింపుతుంటే మా యజమానురాలు మిసెస్ ప్యాజెట్ చూసి, "దర్జీదానివయ్యుండి బట్ట చింపుతావేం, కత్తెర లేదా?" అంది. మా దీవిలో పెళ్ళి బొంతకు అలాగే చింపాలన్నాను. "ఎవరి పెళ్ళి?" అంది. "మా అక్క కూతురిది" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందనుకున్నావు నోటికి! తర్వాత ఆ పూటంతా ఒక్క కుట్టూ తిన్నగా పడలేదు.

నేను కన్న పిల్ల పెళ్ళికి నేను చెయ్యగలిగింది ఈ పన్నెండు చదరాలే. జడ నువ్వు వేశావు. బడికి నువ్వు పంపావు. దగ్గొస్తే రొమ్ముకు తైలం నువ్వు రాశావు. రాయవద్దని నేనెప్పుడైనా అన్నానా? పద్దెనిమిదేళ్ళ వయసులో, పెళ్ళి లేకుండా, మన డగ్లస్ పట్నానికి సెలవులకొచ్చి పోయినవాడొకడి బిడ్డను మోసుకొస్తే అమ్మ నిర్ణయించింది, నువ్వు ఎత్తుకున్నావు, నేను పడవెక్కాను. ఆ రోజు నుంచి పిన్నిగానే ఉన్నాను. ఈ పన్నెండైనా నా చేతి కొలతతో ఉండనీ. మళ్ళీ కుట్టను.

నీవీ నావీ కలవకపోతే మధ్యలో పట్టీ వెయ్యి. పైన ఒకటి, వెనక ఒకటి పెట్టి కలిపితే చిన్నా పెద్దా తేడా అందులో కలిసిపోతుంది. ఇక్కడ అందరూ అదే చేస్తారు.

పొడుగు చేతుల
ఈలిష్


డాల్బీ, 21 జనవరి

పొడుగు చేతుల చెల్లికి,

పట్టీ వెయ్యాలా! సముద్రం ఆవలి ఒడ్డుకెళ్ళి మంచి తెలివే నేర్చుకున్నావు. మన వీధిలో పట్టీ వేసి కలిపిన పెళ్ళి బొంత ఒక్కటి చూపించు. ఆ ఇంట్లో వాళ్ళకి కొలవడం రాదని ఊరంతా చెప్పుకోవడానికి తప్ప దేనికది? స్కిల్లికార్న్ ముసలమ్మ ఒక్కతి చాలు, పీల్ బజారు దాకా డప్పు కొట్టి వస్తుంది.

ఇక్కడ వారం రోజులుగా ఒకటే గాలి. బావ ఆల్చిప్పల వేటకి పోలేక ఇంట్లో కూర్చుని నా ప్రాణం తీస్తున్నాడు. దీనికి తోడు వలల కొట్టంలో ఆ పొడుగుతోకది దూరి కొత్త వల కొరికేసింది. పేరు రాయను, సోమవారం పడవెక్కాలి ఆయన. వేటకి ముందు దాని పేరు పలికితే అపశకునమని నా కలాన్ని కూడా కాపలా కాస్తున్నాడు.

నీ చదరాలు తిప్పి పంపలేదు. పంపితే ఏమవుతుందో తెలుసు, మొండికేసి అలాగే పెట్టుకుంటావు. నేనే సరిచేస్తున్నాను. రెండింటికి బయటి వరస పట్టీలు విప్పి, అస్తరు అంచు లోపలికి మడిచాను. ఇప్పుడు నావాటితో చక్కగా కలిశాయి. మిగతా పదీ ఈ వారంలో అయిపోతాయి. ఎవరికీ తెలియదు.

పెళ్ళికి ముందు రోజు రా, మర్నాడు బయల్దేరు. వారం ముందే వచ్చి కూర్చోవద్దు. నువ్వు ఆలిన్ వంక చూసే చూపు నాకు తెలుసు. వాళ్ళ నాయనమ్మ అంత్యక్రియలప్పుడు చూశాను. ఆ చూపు చూస్తే గుడ్డివాడికైనా అర్థమైపోతుంది.

నువ్వు ఏం వదులుకున్నావో పట్టీ పట్టీగా రాశావు. నేనూ రాయగలను. పెళ్ళయిన ఆరేళ్ళలో మూడు పోగొట్టుకున్నాను. నాలుగోది నీ చేతుల్లోంచి తీసుకున్నాను. దొంగతనంగా తీసుకోలేదు, నువ్వే ఇచ్చావు. ఇచ్చినదాన్ని కళ్ళతో వెనక్కి లాగొద్దు.

బ్రీషా


బర్కెన్‌హెడ్, 26 జనవరి

బ్రీషాకి,

అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

విప్పావా? నా కుట్టు విప్పావా? ఆ బయటి వరస నీలం పట్టీలు ఏ బట్టవో అడిగావా? ఆలిన్ పుట్టిన రోజు నేను వేసుకున్న గౌనువి. ఇరవై రెండేళ్ళు ట్రంకుపెట్టె అడుగున దాచాను, ఎవరికీ చూపించలేదు. మొన్న చేత్తో చింపాను. ఎక్కడ పెట్టినా దాని మంచం మీదికి చేరాలని చింపాను. నువ్వు వాటినే విప్పి పారేశావు. అమ్మ పోయాక నన్ను ఇంతగా ఏడిపించిన వాళ్ళు లేరు.

మిగతా పదింటిలో ఒక్క దారం ముట్టుకున్నా నేను పెళ్ళికి రాను. రాకపోతే నీకు సంతోషమే కదా, కనుక మరోలా చెప్తాను. ముట్టుకుంటే నెల రోజులు ముందే వస్తాను.

నేను చూసే చూపు అంటావా? చూడటానికి కూడా నీ అనుమతి చీటీ కావాలా? మాట ఇచ్చాను, ఇరవై రెండేళ్ళు నిలబెట్టాను. ఎవరి ముందూ నోరు జారలేదు. ఉత్తరాల్లో "మీ అమ్మ చెప్పినట్టు విను" అని దానికి రాసిన చెయ్యి నాదే. ఇంతకన్నా ఏం కావాలి నీకు?

నువ్వు పోగొట్టుకున్న ముగ్గురి సంగతి నాకు తెలుసు. రెండోసారి నీ పక్కన కూర్చుంది నేనే. అందుకే ఇచ్చాను. అది నువ్వు అడగలేదు కూడా.

విప్పిన పట్టీలు పారేయకు.

ఈలిష్


డాల్బీ, 9 ఫిబ్రవరి

ఈలిష్,

పారేయలేదు. నీ ఉత్తరం చదివి బావకి చెప్పాను. ఆయన పొగాకు పైపు దులుపుకుంటూ, "పరాయివాళ్ళ వల ముడి విప్పితే పీల్ రేవులో పళ్ళు రాలగొడతారు" అన్నాడు. అంతే అన్నాడు. రెండూ మళ్ళీ ఎలా ఉండేవో అలా కుట్టేశాను. నీలం పట్టీలు మొదట ఉన్నచోటే ఉన్నాయి. నాకు తెలిస్తే విప్పేదాన్ని కాదు. ఇది క్షమాపణ అనుకుంటే అనుకో.

ఇప్పుడు అసలు సంగతి విను. ఇది చదివి నవ్వితే మాత్రం ఊరుకోను.

ఆలిన్ తన ఆరూ పూర్తి చేసింది. బుధవారం చర్చి వెనక గదిలో ఆడవాళ్ళం కుట్టుపనికి కూర్చున్నాం. అది తన మూట విప్పి పొడవు బల్ల మీద తనవీ నీవీ నావీ పరిచింది. నావి నీవాటితో కలవవని నాకు తెలుసు కనుక, "ఇంటికెళ్ళి చూసుకుందాం, తియ్యి" అన్నాను. వినలేదు. దాని చదరాన్ని నీ చదరం పక్కన పెట్టింది. నూలు పోగు కూడా తేడా లేదు. ఎర్రముక్క పక్కన ఎర్రముక్క, పట్టీ ఎదురుగా పట్టీ, పన్నెండింటికి ఆరూ అతికినట్టు నిలబడ్డాయి.

స్కిల్లికార్న్ ముసలమ్మ కళ్ళజోడు పైకెత్తి, "ఈ పద్దెనిమిదీ ఎవరు కుట్టారే? ఒకే చేతివి" అంది.

"ఆరు నావి, పన్నెండు మా పిన్నివి" అంది ఆలిన్. దానికి నవ్వు ఆగడం లేదు. "అమ్మా, నీవి మాత్రం చూడు, మా ఇద్దరి మధ్య పేద చుట్టాల్లా ఎలా ముడుచుకు కూర్చున్నాయో!"

గదిలో అందరూ నవ్వారు. ముసలమ్మ నవ్వలేదు. నా చేతుల వంక చూసింది, ఆలిన్ చేతుల వంక చూసింది. ఏదో ఒకటి అనాలి కదా, అన్నాను. "ఆలిన్ పాత గ్లౌజు ఒకటి మా చెల్లికి పంపించాను. దాన్ని పెట్టి కొలిచింది. పెళ్ళికూతురి కొలతకి కుడదామని దాని సరదా" అన్నాను. అందరూ ఎంత మంచి పిన్ని అన్నారు. ఆలిన్ కళ్ళు తుడుచుకుంది కూడా.

నిజం చెప్పు, నాకు తెలియకుండా దాని చేతి కొలత తెప్పించుకున్నావా? దానికేమైనా రాశావా? లేకపోతే ఇలా ఎలా కలుస్తాయి? నువ్వు చేసిందేదైనా సరే, అది నీకు ఉత్తరం రాస్తుంది, గ్లౌజు సంగతి అడుగుతుంది. అవును, గ్లౌజుతోనే కొలిచాను అని రాయి. ఇది ఒక్కటి చెయ్యి. ఇంకేం అడగను.

బ్రీషా


బర్కెన్‌హెడ్, 17 ఫిబ్రవరి

అక్కా,

దాని ఉత్తరం నిన్న వచ్చింది. మేడమెట్ల మీదే నిలబడి చదివాను. "పిన్నీ, నా పాత గ్లౌజు పెట్టుకుని అన్ని పట్టీలు కొలిచావట, అంత ఓపిక ఎలా వచ్చింది? అమ్మకైతే నా చేతి కొలత గుర్తే లేదు. నువ్వు మాత్రం నా చేతిని నాకంటే బాగా తెలుసుకున్నావు" అని రాసింది.

ఆ చదరాలు అతికినట్టు కలిశాయని నువ్వు కోపంతో రాశావు కానీ, ఇరవై రెండేళ్ళలో నాకు ఎవరూ ఇంత మంచి మాట రాయలేదు. ఆలిన్ చెయ్యి నా చెయ్యంత ఉందని నాకెలా తెలుస్తుంది? ఎప్పుడైనా దాని అరచెయ్యి నా అరచేతికి ఆనించి చూసే వీలు ఇచ్చావా? ఆరు వారాల పిల్లప్పుడు చూసిన చేతులు, గుప్పెట తెరిచేవి కూడా కావు. నాకు తెలియదు. నేను ఎవరి కొలతా తెప్పించుకోలేదు. నా చేత్తో నేను కొలిచాను, దాని చేత్తో అది కొలిచింది. కలిశాయి. అంతే.

అంతా విని నీకు గ్లౌజు గుర్తొచ్చిందా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. "ఇద్దరివీ మా నాన్న చేతులు" అంటే సరిపోయేది కదా! మేనకోడలికైనా, మనవరాలికైనా, అక్క బిడ్డకైనా వస్తాయి చేతులు. స్కిల్లికార్న్ ముసలమ్మ నాన్నతో కలిసి చదువుకుంది, తలూపి ఊరుకునేది. నిజమే చెప్పి దాచుకోగలిగిన చోట నువ్వు అబద్ధం చెప్పావు. బిడ్డనిచ్చాను, పేరునిచ్చాను. ఇప్పుడు నా చెయ్యి కూడా నాది కాదు, గ్లౌజుదట!

దానికి నిన్ననే జవాబు రాశాను. రహస్యం రాయలేదు. ఇచ్చిన మాట ఇచ్చిందే. ఒక్క ముక్క రాశాను. "అమ్మాయీ, నా దగ్గర నీ గ్లౌజు ఏదీ లేదు. నేను నా చేత్తోనే కొలిచాను." అబద్ధం నీది, నేను మొయ్యను.

ఈలిష్


డాల్బీ, 27 ఫిబ్రవరి

నువ్వు కోరుకున్నది అయింది. సంతోషించు.

శనివారం పొద్దున నేను బొన్నాగ్ రొట్టెకి పిండి కలుపుతుంటే నీ ఉత్తరం పట్టుకుని ఆలిన్ వంటింట్లోకి వచ్చింది. "పిన్ని దగ్గర గ్లౌజు లేదట. మరి పంపావన్నావు?" అంది. పోస్టులో పోయిందేమో అన్నాను. "పోతే ఎలా కొలిచిందమ్మా?" అంది. తన కుడిచెయ్యి చాచి పిండి బల్ల మీద నా చెయ్యి పక్కన ఆనించింది. అలాగే ఉంచింది.

చెప్పేశాను. పిండి చేతులతోనే, నిలబడే, అమ్మ దగ్గర్నుంచి పడవ దాకా మొత్తం చెప్పేశాను. బావ గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావాలో బయటికి పోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నీ కోపం, అచ్చం నీ కోపం. ముక్కు తెల్లబడిపోయింది. "ఆమె కన్నందుకు నాకు కోపం లేదు. నువ్వు పెంచినందుకు ఉంటుందా? ఉండదు. నెల కూడా కాలేదు, చర్చిలో అందరి ముందూ లేని గ్లౌజుకి నా చేత కన్నీళ్ళు పెట్టించావు. ఆవిడకి థాంక్స్ రాశాను! మీ ఇద్దరి మధ్యా నేనో ఆటబొమ్మనా?" అంది.

"నీకోసమే కదా..." అన్నాను.

"నాకోసం అనకు. నీకోసం" అంది.

బావ అప్పుడు నోరు తెరిచాడు. "అది నిజమే బ్రీషా" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో నా మీద నెగ్గిన మాట అదొక్కటే, అదీ ఆ రోజే అనాలా?

తర్వాత అది బొంత తీసింది. అప్పటికి తనవీ నీవీ పద్దెనిమిదీ ఒక ముక్కగా కలిపి ఉంచింది. నా పన్నెండూ ఇంకో ముక్క. ఆ రెండు ముక్కల్నీ ఎలా కలపాలో తేలకే ఆగింది. కిటికీ దగ్గర కూర్చుని, సూది మొనతో కలిపిన కుట్టంతా విప్పింది. వెనక చేతికుట్టు ముందు, తర్వాత ముందువైపు మిషను కుట్టు. ఒక్క పట్టీ చిరగలేదు, ఒక్క అస్తరు అంచు లేవలేదు. ఇంకో రకం బొంతను అలా విప్పితే పీలికలు మిగులుతాయి. ఇది విప్పితే ముప్ఫై చిన్న చిన్న బొంతలు మిగిలాయి. నేను నిలబడి చూస్తూనే ఉన్నాను. ఆపు అనడానికి కూడా నాకు హక్కు ఉందో లేదో తెలియలేదు.

మూట కట్టుకుని స్కిల్లికార్న్ ముసలమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. పెళ్ళి దాకా అక్కడే ఉంటుందట. నీవి పన్నెండూ నా బల్ల మీద వదిలేసింది. నావి తీసుకెళ్ళింది. ఎందుకో తెలియదు, అడగనివ్వలేదు.

ఒక్క ముక్క రాశావు కదా. ఆ ఒక్క ముక్కతో నా ఇల్లు ఖాళీ అయింది. నాకు ఉత్తరాలు రాయకు.


బర్కెన్‌హెడ్, 5 మార్చి

రాయకు అన్నా రాస్తున్నాను. చించెయ్యి కావాలంటే, ముందు చదివి చించెయ్యి.

నేను కోరింది ఇది కాదు. అది ఇంట్లోంచి వెళ్ళిపోవాలని నేనెందుకు కోరతాను? నేను పోయిన ఇంట్లో అదైనా ఉందని కదా ఇన్నాళ్ళూ బతికాను. ముసలమ్మ ఇంట్లో పొయ్యి సరిగ్గా మండదు, దానికి ఛాతీ బలహీనం అని నువ్వే రాశావు ఒకసారి. ఉన్ని దుప్పటి పంపించు. నేను పంపితే తీసుకుంటుందో లేదో.

నాకు నీ మీద కోపం పోయిందనుకోకు. కానీ నా మీద కూడా వస్తోంది. ఆ ఒక్క ముక్క రాసేటప్పుడు అబద్ధం మొయ్యనని గొప్పగా అనుకున్నాను. తెగితే తెగనీ అని కూడా, ఎక్కడో, అనుకున్నాను. నీకు తప్ప ఎవరికీ చెప్పలేను ఇది.

సోమవారం నాకు పార్సిలు వచ్చింది. నీ పన్నెండు చదరాలు. లోపల చీటీ. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"ఇవి అమ్మ కుట్టినవి. మీరు కుట్టినవి అమ్మ దగ్గర ఉన్నాయి. నా ఆరు నా దగ్గర ఉన్నాయి. ఏప్రిల్ నాలుగున నా మంచం మీద ఆరు ఉంటాయా ముప్ఫై ఉంటాయా అన్నది మీ ఇద్దరి ఇష్టం. పోస్టులో పంపుకుంటూ కలపడం కుదరదు. ఒకరు ముందువైపు కుడుతుంటే ఒకరు వెనకవైపు పట్టుకోవాలి. ఒకే గదిలో కూర్చుని కలిపితేనే తీసుకుంటాను. నాకు ఇప్పుడు ఇద్దరితోనూ మాట్లాడాలని లేదు. ఆలిన్."

మీరు అని రాసింది నన్ను. ఎప్పుడూ నువ్వు అనేది.

నీ చదరాలు బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. ఎంత చిన్న కుట్టు అక్కా నీది. వేలెడంత చోటులో పద్నాలుగు కుట్లు పడ్డాయి. నీ కళ్ళకి ఈ వయసులో ఇంత సన్నపని ఎలా సాధ్యమైంది? ఇంత కోపం మీదున్నా మెచ్చుకోకుండా ఉండలేకపోయాను, అందుకు ఇంకా కోపం వచ్చింది.

మిసెస్ ప్యాజెట్‌ని సెలవు అడిగాను. ఎవరి పెళ్ళికి అంది. ఈసారి "మా అమ్మాయిది" అన్నాను. ఆవిడ మూడు వారాలు ఇచ్చింది.

పద్నాలుగో తారీకు శనివారం పడవకి వస్తాను. రావద్దంటే ముసలమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని కుడతాను.

ఈలిష్


డాల్బీ, 10 మార్చి

ఈలిష్,

అరుగు మీద కూర్చుంటానంటావేం, ఊరంతా చూసి నవ్వడానికా? తిన్నగా ఇంటికి రా. నీ గది సర్దాను. కిటికీ చెక్క ఊగుతోంది, బావ మేకు కొడతానని మూడు రోజులుగా అంటున్నాడు.

నీ మీద కోపం నాకింకా పోలేదు. వచ్చాక కూడా ఉంటుంది, ముందే చెప్తున్నాను. తెగితే తెగనీ అనుకున్నానని రాశావు చూడు, ఆ ముక్క చదివి కాగితం గోడకేసి కొట్టాను. తర్వాత తీసి మడిచి పెట్టుకున్నాను. ఇంకెవరైనా అయితే ఆ మాట ఒప్పుకునేవాళ్ళు కాదు. నేనూ ఒకటి ఒప్పుకుంటాను. నాన్న చేతులు అన్న మాట నాకు ఆ రోజు తట్టలేదు. ఎందుకు తట్టలేదంటే, ఆలిన్‌లో నీ చేతులు నేను దాని నాలుగో ఏట నుంచీ చూస్తూనే ఉన్నాను. చెంచా పట్టుకుంటే నువ్వే, బూట్ల తాళ్ళు కట్టుకుంటే నువ్వే. ఇన్నేళ్ళూ ఎవరైనా చూసేస్తారేమోనని భయపడి చచ్చాను. అడిగేసరికి దాచుకోవడం తప్ప ఇంకోటి తోచలేదు.

కలపడం సంగతి. రెండు రకాలూ నా మంచం మీద మళ్ళీ మళ్ళీ పెట్టి చూశాను, బుర్ర వేడెక్కింది. నావి చిన్నవి కనుక నా పన్నెండింటి మధ్యా పట్టీలు వేద్దాం. నీ మాటే నెగ్గింది, మళ్ళీ మళ్ళీ గుర్తు చెయ్యకు. నావి పట్టీలతో, మీవి పట్టీలు లేకుండా, అంచులు అప్పుడు సమానమవుతాయి. ముందువైపు మిషను నువ్వు కుట్టు, నీ చెయ్యి వేగం. వెనక మడతపెట్టి చేతికుట్టు నేను వేస్తాను, నీ కుట్టు పెద్దది.

ఆలిన్ నిన్న వచ్చింది. తలుపు తీసుకుని లోపలికొచ్చి, "అమ్మా, నా తోలు బూట్లెక్కడ?" అంది. అన్నాక గుర్తొచ్చింది తను నాతో మాట్లాడటం లేదని. మొహం ఎర్రబడింది. నేను బూట్లు తెచ్చి ముందు పెట్టాను. వేసుకుంటూ, తల వంచుకునే, "ఆవిడ వస్తోందా?" అంది. శనివారం పడవకి వస్తోందన్నాను.

చాలాసేపు తాళ్ళు కట్టుకుంది. తర్వాత, "వస్తే నేనేమని పిలవాలి?" అంది.

ఇన్నేళ్ళూ నేను చెప్పిన పేరుతోనే పిలిచావు, ఈసారి నేను చెప్పను, ఆమెనే అడుగు అన్నాను.

శనివారం రేవులో బావ ఉంటాడు. ఆలిన్ కూడా వస్తానంది. నేను రాను, ఇంట్లో రొట్టె చేసి పెడతాను. అది నిన్ను ఆ మాట అడిగేటప్పుడు నేను పక్కనుంటే, నా మొహం చూసి పిన్ని అనే పిలవమంటావు. నిన్ను నేనెరగనా!

మీ అక్క
బ్రీషా